మొక్కింది ఆపిల్, చెల్లించింది జామ

ఒక బుట్టెడు జామకాయలతో మనిషి ఎంత నష్టం తేగలడు? మహా అయితే నాలుగిళ్ళ పిల్లలకు జలుబు అంటారు మీరు. నేనూ అంతే అనుకునేదాన్ని. కానీ ఆ బుట్ట దెబ్బకు మా అత్తగారు అన్నం మానేశారు, మా ఆయన నలుగురి ముందు కన్నతల్లితో పోటీకి దిగారు, ఆ తర్వాతి ఆదివారం నిండు ఆరాధనలో నేను పమిట చెంగు మొహం మీదికి లాక్కుని, నేల ఎక్కడైనా చీలుతుందేమోనని వెతుక్కోవలసి వచ్చింది. తుఫాను కాదు, భూకంపం కాదు. జామకాయలు. అవీ దోరవి.

మొదటి నుంచి చెబుతాను. పిల్లాడు పడుకున్నాడు కాబట్టి కాస్త తీరిగ్గానే చెబుతాను.

నేను హోమ్ సైన్స్‌లో బి.ఎస్సీ. ఇప్పుడు ఈ మాట మామూలుగా చెబుతున్నాను గానీ, కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఈ మాట అనకుండా నాకు పూట గడిచేది కాదు. పప్పులో ఉప్పు ఎక్కువైందంటే సోడియం గురించి చెప్పేదాన్ని. గుంటూరులో హాస్టల్లో ఉండి చదివి, మార్టూరు పక్కన ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. మా ఆయన ప్రభాకర్ గ్రానైట్ పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల నుంచి పాదాల దాకా తెల్లటి రాతిపొడి అంటుకుని, సగం చెక్కిన విగ్రహంలా ఉండేవారు. మాటలు కూడా విగ్రహం మాట్లాడినంతే.

మా అత్తగారు సువార్తమ్మ గారు. ఆవిడకు ఒక పత్తిచేను, దాని పక్కన కొంచెం మిరపతోట, ప్రపంచంలోని ప్రతి వస్తువు మీదా ఒక ఖాయమైన అభిప్రాయం ఉండేవి. పళ్ళకు కూడా ఆవిడ హోదాలు పంచిపెట్టారు. ఆపిల్ కలెక్టరు. బత్తాయి తాసీల్దారు. అరటిపండు గుమస్తా. ఇక జామకాయ అంటారా, అది ఉద్యోగంలోనే లేదు. మేకలు కూడా తినేది పండెట్లా అవుద్దని ఆవిడ ప్రశ్న.

మా జోయెల్‌కి ఏడాది దాటిందో లేదో, విరేచనాలు పట్టుకున్నాయి. ఇక్కడ మాత్రం నవ్వకండి. చిలకలూరిపేటలో ఆస్పత్రిలో పెట్టాం. అంత చిన్న చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తుంటే, నేను చదివిన పుస్తకాల్లో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. వాడి కళ్ళు లోపలికి పోయాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆస్పత్రి వరండాలో మా అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుని పైకే ప్రార్థన చేశారు.

"ప్రభువా, నా మనవడికి ఇయ్యి కట్టుకుంటే చాలు. కోతపండక్కి బుట్టెడు ఆపిల్సు తెచ్చి నీ ముందర పెడతా."

కట్టుకున్నాయి. వాడు లేచాడు, నవ్వాడు, ఇంటికొచ్చి పిల్లి తోక పట్టుకుని లాగాడు. మా అత్తగారు మొక్కు వల్ల అన్నారు, నేను సెలైన్ వల్ల అన్నాను. అక్కడితో ఆగి ఉంటే నేను ఈ రోజు ఇది రాసే అవసరమే ఉండేది కాదు.

తేరుకున్నాడే గానీ వాడికి ఒళ్ళు రాలేదు. నాకు అదే దిగులు. పొద్దున లేవగానే వాడి పక్కటెముకలు తడిమి చూసేదాన్ని, కోడిని కొనేవాళ్ళు తడిమినట్టు. ఆ దిగుల్లో మా ఇంట్లో యుద్ధం మొదలైంది.

"అమ్మాయ్, బిడ్డకి ఆపిల్ పెట్టు. రక్తం పడుద్ది. ఎంత ఎర్రగా ఉందో చూడు."

"ఎర్రగా ఉన్నది తొక్క అత్తయ్యా. రక్తానికీ దానికీ సంబంధం లేదు. అలా అయితే మిరపకాయ పెట్టాలి."

"వెటకారాలొద్దు. డాక్టర్లంతా ఆపిలే పెట్టమంటారు."

"జామకాయలో సి విటమిన్ ఆపిల్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పీచు కూడా ఎక్కువే. చెట్టు నుంచి కోసిన గంటలో తినొచ్చు. ఆపిల్ ఎక్కడో మంచుకొండల్లో కోసి, లారీలెక్కి, గోడౌన్లలో పడుకుని, మన దగ్గరకొచ్చేసరికి దానికే సెలైన్ ఎక్కించాలి."

"అన్నాళ్ళయినా చెడిపోలేదంటే ఎంత బలమైన పండో చూడు. మీ జామకాయ రెండ్రోజులకే పురుగు పడుద్ది."

"పురుగు జామకాయనే ఎంచుకుందంటే, బలం ఎందులో ఉందో దానికి తెలుసన్నమాట."

"అయితే నువ్వూ పురుగూ కలిసి తినండి. నా మనవడికి మాత్రం ఆపిల్ పెట్టు."

హోమ్ సైన్స్‌లో ఇలాంటివాటికి జవాబులు చెప్పరు. పాపం, జోయెల్ గాడు మాత్రం రెండు పళ్ళనూ సమానంగా ఉమ్మేసేవాడు.

పత్తి తీతలు సగమై, మిరపకాయలు కల్లాల మీదికి వచ్చే రోజుల్లో మా చర్చి సంఘంలో కోతపండగ చేస్తారు. ఎవరి పంటలో వాళ్ళు కొంత గుడికి తెస్తారు. పత్తి మూటలు, మిరపకాయల టిక్కీ బస్తాలు, కందులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆరాధన అయ్యాక ఆవరణలో షామియానా కింద వాటికి వేలంపాట. మొక్కుబడులు కూడా ఆ రోజే చెల్లిస్తారు.

పండగకు ముందు రోజు మా అత్తగారు చేలో కూలీలతో ఉండిపోవలసి వచ్చింది. కొంగు ముడి విప్పి డబ్బులు నా చేతిలో పెట్టారు.

"మార్టూరెళ్ళి మంచి ఆపిల్సు చూసి తీసుకురా. మచ్చలుండగూడదు. అన్నీ ఒక్క సైజువి. బుట్ట నిండా."

అత్తసొమ్ము అల్లుడు దానం చేయడం పాత సామెత. అత్త మొక్కు కోడలు దిద్దడం నేను కొత్తగా కనిపెట్టాను. అయితే నమ్మండి, ఆటో ఎక్కేటప్పుడు నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు. అంతా పళ్ళబండి దగ్గరే జరిగింది.

బండి మస్తాన్ గారిది. ఆపిల్స్‌ని పిరమిడ్‌లా పేర్చి, తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తున్నారు. ఒకటి తీసి నొక్కాను. బొటనవేలు లోపలికి దిగింది.

"మెత్తబడ్డాయి కదండీ."

"పైనయ్యి అట్టా ఉంటయ్ లేమ్మా. ఇదిగో, స్టిక్కర్లున్నయ్యి తీసుకోండి."

"స్టిక్కర్ తింటామా?"

"తినరు. కానీ స్టిక్కరుంటే ఇచ్చేవాళ్ళకి మర్యాదగా ఉంటది."

చూడండి, పోషకాహారం ఈ దేశంలో ఎక్కడ ఆగిపోయిందో! నా కళ్ళు పక్క గంప మీద పడ్డాయి. అందులో పొద్దున్నే తోటలో కోసిన జామకాయలు. ఆకులతో సహా ఉన్నాయి. లేత పసుపు, పిడికిలంతేసి, నొక్కితే రాయి. ఆ క్షణంలో నా బి.ఎస్సీ. నా బుర్రలో లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టింది. దేవుడికి ఇచ్చేది శ్రేష్ఠమైనది కావాలా, వద్దా? శ్రేష్ఠమైనది ఏది? సి విటమిన్ ఎందులో ఎక్కువ? పైగా, సృష్టించినవాడికి ఏ పండులో ఏముందో తెలియదా? ఆయన ముందు పిండిలాంటి ఆపిల్స్ పెట్టడం పరీక్షలో తప్పు జవాబు రాయడం కాదా?

"బుట్టలోకి జామకాయలు వేయండి," అన్నాను.

మస్తాన్ గారు గుడ్డ కింద పెట్టారు. "ఇందాక మొక్కుబడికి ఆపిల్సన్నారు గదమ్మా."

"మొక్కింది పళ్ళే కదా. నేను పండు మారుస్తున్నాను, అంతే. పోషక విలువ పెరుగుతుంది."

"మాలో అయితే మొక్కింది మార్చరు. ఆనక మీ ఇష్టం. అమ్మేవాణ్ణి, నాకు రెండూ ఒకటే." బుట్ట నింపి చేతికిస్తూ గొంతు తగ్గించారు. "ఇంట్లో ఏదన్నా మాటొస్తే నా బండి దగ్గర కొన్నానని మాత్రం చెప్పబాకండి."

తెలివైనవాడైతే ఆ మాటకే ఆగిపోతాడు. నేను చదువుకున్నదాన్ని. బుట్ట మీద తెల్లగుడ్డ కప్పి, నేరుగా గుడిలో బల్ల కింద పెట్టేశాను. మిగిలిన డబ్బంతా కానుకపెట్టెలో వేసేశాను. నేను మొక్కును సవరించానే గానీ అందులోంచి ఏమీ తీసుకోలేదని మీరు గమనించాలి.

"తెచ్చావా?" అన్నారు అత్తగారు, సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ.

"గుడిలో పెట్టేశాను అత్తయ్యా."

"మంచి పళ్ళేనా?"

"వాటిని మించిన పండు లేదు," అన్నాను. ఇందులో అబద్ధం ఎక్కడుందో చెప్పండి.

పండగ రోజు మా అత్తగారు జరీ అంచు చీర కట్టుకున్నారు. ఆరాధనకు ముందే ఆడవాళ్ళ చాపల మీద ఒక చివర నుంచి ఇంకో చివరి దాకా ఈ వార్త నడిపించారు. "మావాడికి మొక్కుకున్నా గదా. ఆపిల్సు. బుట్ట నిండా." నేను జోయెల్‌ని ఒళ్ళో పెట్టుకుని ప్రశాంతంగా కూర్చున్నాను. బుట్ట తెరిచాక నాలుగు మంచి మాటలు చెప్పాలని వాక్యాలు కూడా కూర్చుకున్నాను. అక్కడున్న తల్లులందరికీ అవగాహన కలుగుతుంది. ఆపిల్ మోజు ఊళ్ళోంచి పోతుంది. నన్ను స్త్రీల సమాజంలో మాట్లాడమని పిలుస్తారు. అప్పటి నేను ఇలాంటిదాన్ని.

వేలంపాట పాడేది ఇశ్రాయేలు గారు. మా అత్తగారికి మరిది వరస. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. అమ్మే వస్తువును పొగడటంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆ పొద్దున ఒక కుంటికోడిని "నడవదు కాబట్టి దొంగలు తోలుకుపోలేరు" అని చెప్పి మంచి ధరకు అమ్మారు. తర్వాత బల్ల మీదికి మా బుట్ట ఎక్కింది.

"ఇప్పుడు మా సువార్తమ్మ వదిన మొక్కుబడి! మనవడు లేచి తిరుగుతున్నందుకు దేవుడికి తెచ్చిన పళ్ళు. మామూలు పళ్ళు కాదయ్యా, దొరలు తినే పళ్ళు! ఊటీలో, సిమ్లాలో..." అంటూ తెల్లగుడ్డను ఒక్క విసురులో లాగేశారు.

కాళ్ళు కట్టేసిన కోళ్ళు కూడా ఊరుకున్నాయి.

ఇశ్రాయేలు గారు ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. "వదినా, నీ ఆపిల్సు ఇంకా పచ్చిగా ఉన్నయ్యే."

మగవాళ్ళ వైపు నవ్వు మొదలై ఆడవాళ్ళ వైపుకు పాకింది. మా అత్తగారు బుట్టను చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆ చూపును నేను సి విటమిన్ లోపంగా అర్థం చేసుకుని లేచి నిలబడ్డాను.

"పెద్దలందరికీ వందనాలు. ఇది పొరపాటు కాదు, నేనే కావాలని జామకాయలు తెచ్చాను. ఆపిల్ కంటే జామలో పోషక విలువలు ఎక్కువ. అందుకే జామను పేదవాడి ఆపిల్ అంటారు..."

"పేదోడెవుడే?" అత్తగారు గర్జించారు. "ఎవురింట్లో పేదోడు? నేను నీకు డబ్బులియ్యలా?"

"అది కాదత్తయ్యా, విటమిన్లు..."

"అమ్మాయ్," అన్నారు ఇశ్రాయేలు గారు మెత్తగా, "నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటది. కానీ విటమిన్లు కంటికి కనపడవు. నేను కనపడేదానికే పాట పాడతా. కూర్చో తల్లీ." ఆవరణ వైపు తిరిగారు. "జామకాయల బుట్ట! అడగండయ్యా!"

ఎవరడుగుతారు? మా ఊళ్ళో దొడ్డికొక జామచెట్టు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. వేలంపాటకు అసలే పనికిరాదని ఆ రోజు తెలిసింది. జోయెల్ గాడు ఆవులించాడు.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు. "ఇరవై." మా ఆయన. తల్లి పరువు, పెళ్ళాం పరువు ఒకే బుట్టలో ఉన్నాయి మరి.

"ముప్ఫై!" ఆడవాళ్ళ చాపల మీద నుంచి. మా అత్తగారు.

"అమ్మా, నువ్వాగు. నేను తీసుకుంటా. నలభై."

"నువ్వాగరా ప్రభాకరూ! అది దేవుడి లెక్కలోకి పోకముందే నేను యెనక్కి తీసుకోవాల. యాభై!"

"పరువు పోతందమ్మా. అరవై!"

"పోవాల్సింది పోయిందిరా, ఇంకా నీ డబ్బులు కూడా ఎందుకు? డెబ్భై!"

మా ఆయన జీవితంలో అంతసేపు మాట్లాడటం నేను అప్పుడే చూశాను. ఇశ్రాయేలు గారి మొహం వెలిగిపోతోంది. యార్డులో కూడా ఆయన ఇలాంటి సరుకు చూసి ఉండరు. ఒకే ఇంటి నుంచి వచ్చి, అదే ఇంటికి పోతూ, దారిలో ధర పెంచుకునే సరుకు. చివరికి జామకాయలు ఆపిల్ రేటును దాటేశాయి. మా అత్తగారే పాడుకున్నారు.

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! సువార్తమ్మ వదిన కాయలు సువార్తమ్మ వదినకే!" ఇశ్రాయేలు గారు నా వైపు చూసి తల ఊపారు. "విటమిన్లంటే ఏందో అనుకున్నా గానీ అమ్మాయ్, రేటు బాగా పెంచుతయ్."

ఇంటికొచ్చాక మా అత్తగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. బుట్టను వసారాలో పెట్టి, దాని పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నారు. అన్నం వద్దన్నారు.

"అత్తయ్యా, దేవుడు లంచం లెక్కబెట్టుకునేవాడా చెప్పండి. మనసు చూస్తాడు కదా."

"నా మనసు నువ్వు మార్కెట్లో మార్చేశావు గదే. ఆస్పత్రిలో ఆ బిడ్డ కళ్ళు తేలేస్తే నేను ఏమనుకున్నానో అది ఇయ్యాల. దానికి నువ్వు మార్కులేస్తావా? రేపు వాడికి ఏదన్నా అయితే?"

నాకు కాస్త జాలేసింది. కాస్త కోపం కూడా వచ్చింది. రెండూ కలిసి మొండితనమైంది. వాడికి ఏమీ కాదని నిరూపించాలి. ఎలా? ఆ జామకాయలతోనే వాడికి ఒళ్ళు తెప్పించాలి. అదే బుట్ట, అదే పిల్లాడు. మర్నాటి నుంచే మొదలుపెట్టాను. తొక్క దగ్గరే విటమిన్లు ఉంటాయని తొక్క తీయలేదు. గింజల్లో పీచు ఉంటుందని గింజలు తీయలేదు. దోరకాయను చెంచాతో గీరి, పంచదార అద్ది పెట్టాను. ఉమ్మేయడానికి పేరుపడ్డ జోయెల్ గాడు ఈసారి నోరు తెరిచాడు! పొద్దున తిన్నాడు, మధ్యాహ్నం తిన్నాడు, ఇంకా కావాలని చెంచా లాక్కున్నాడు. వసారాలో కూర్చున్న అత్తగారికి వినపడేలా "ఎంత ఇష్టంగా తింటున్నాడో" అని గోడకు చెప్పాను. గుక్కెడు నీళ్ళు ఎక్కువ పట్టాలని ఆ సంబరంలో నాకు తట్టనేలేదు.

బుట్ట సగం ఖాళీ అయ్యేసరికి ఒక సంగతి గమనించాను. లోపలికి పోయేవి పోతున్నాయి. బయటికి రావలసినవి రావడం లేదు.

మొదటి రోజు పట్టించుకోలేదు. రెండో రోజు పుస్తకం తీశాను. మూడో రోజు సాయంత్రానికి వాడి పొట్ట మద్దెలైంది. కాళ్ళు ముడుచుకుని ఎర్రబడి ఏడుస్తున్నాడు. నన్ను చూస్తే చాలు, చెంచా తెస్తున్నాననుకుని ఇంకా గట్టిగా ఏడుస్తున్నాడు. నా బి.ఎస్సీ. వీధి గుమ్మంలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. నాకు మళ్ళీ ఆ ఆస్పత్రి, ఆ సూది, ఆ చిన్న చెయ్యి కనపడ్డాయి. మొక్కు తప్పింది. నేను తప్పించాను.

కబురు పెడితే మా ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు గారు వచ్చి సైకిల్ దిగి, వాడి పొట్ట మీద వేళ్ళతో కొట్టి చూశారు. "ఏం పెట్టారమ్మా?"

"జామకాయ. పోషక విలువలు..."

"గింజలతోనా?"

"పీచు ఉంటుంది కదా అని..."

"పీచు మంచిదే. ఇంత బిడ్డకి దోరకాయ గింజలతో సహా పూటపూటా పెట్టి, నీళ్ళు పట్టకపోతే అది పీచు కాదమ్మా, కాంక్రీటు."

తలుపు దగ్గర నుంచి అత్తగారు అందుకున్నారు. "నేను ముందే చెప్పా. ఆపిల్ పెట్టమన్నా. ఇప్పుడన్నా పెట్టమంటారా?"

"ఇప్పుడు ఆపిలూ వద్దు, జామా వద్దు."

"మరి రెండింట్లో ఏది మంచిది డాక్టరు గారూ?" ఇద్దరం ఒకేసారి అడిగాం.

ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సంచీ సర్దుకున్నారు. "ప్రస్తుతానికి ఏదీ పెట్టకుండా ఉండటం మంచిది. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, ఆ రసం పట్టండి. గోరువెచ్చటి నీళ్ళు తాగించండి. రేపటికి కాకపోతే పేటకి తీసుకెళ్దాం."

పేట అంటే మళ్ళీ ఆ చిలకలూరిపేట ఆస్పత్రే. ఎండుద్రాక్ష రసం పట్టాక, జోయెల్‌ని అత్తగారి ఒళ్ళో పెట్టి పెరట్లోకి వెళ్ళాను. గిన్నెలు తోమే బండ పక్కన మోకాళ్ళూనాను. నేనే. విటమిన్లు చెప్పిన నేనే.

"ప్రభువా, వాడికి విరేచనమైతే చాలు. బుట్టెడు ఆపిల్స్ తెస్తాను. ఈసారి నిజంగా ఆపిల్సే. అన్నీ ఒక్క సైజువి. స్టిక్కర్లున్నవి."

కళ్ళు తెరిచేసరికి అత్తగారు పిల్లాణ్ణి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. నా పక్కకు వచ్చి మోకాళ్ళూని "ఆమెన్" అన్నారు.

మర్నాడు పొద్దున, మా ఇంట్లో సూర్యుడు రెండుసార్లు ఉదయించాడు. వివరాల్లోకి వెళ్ళను. మీకూ పిల్లలుంటే అర్థమవుతుంది, లేకపోతే చెప్పినా అర్థం కాదు. అత్తగారూ నేనూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. నేను ఊళ్ళో ఫోనున్న ఇంటికి పరుగెత్తి ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. ఎవరో మా ఆయన్ని పిలిచారు. వెనక రాయి కోసే మిషన్ల మోత.

"ఏమండీ, అయ్యింది!"

"ఏందీ?"

"అయ్యిందండీ! చాలా అయ్యింది!"

అవతల మా ఆయన గొంతు, ఎవరితోనో, "అయ్యిందంట!" అని. ఆయన మొహంలో సంతోషం చూసి పక్కనున్నవాళ్ళు "మళ్ళీ మగపిల్లాడేనా?" అని చేయి కలిపారట.

ఆ శనివారం అత్తగారే నాతో మార్టూరు వచ్చారు. మస్తాన్ గారు మమ్మల్నిద్దర్నీ కలిపి చూసి బండి వెనక్కి ఒక అడుగు వేశారు. ఆవిడ ఒక్కొక్క ఆపిల్‌నూ ఎండలో పట్టి చూసి ఏరారు. నేను నోరెత్తలేదు. ఒకటి మెత్తగా ఉందనిపించినా సరే, ఎత్తలేదు.

ఆదివారం బుట్టను బల్ల మీద పెట్టాం. ఈసారి గుడ్డ కప్పలేదు. మా సంఘంలో కృతజ్ఞతగా ఏదైనా తెస్తే, అది దేని నిమిత్తమో చెప్పి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తారు. పుట్టినరోజుకనో, ఉద్యోగం వచ్చిందనో. నేను ముందే అయ్యగారి దగ్గరకెళ్ళి "బాబు ఆరోగ్యం నిమిత్తం అనండి, చాలు" అని చెప్పి వచ్చాను. అయ్యగారు బల్ల దగ్గర నిలబడ్డారు. అందరి కళ్ళూ ఆపిల్స్ మీదే. పోయిన వారం సంగతి ఎవరూ మరిచిపోలేదు మరి.

"సువార్తమ్మ గారి కుటుంబం, బాబు ఆరోగ్యం నిమిత్తం..."

"బాబు మొన్ననే బాగయ్యాడు గదా, అప్పుడే గదా జామకాయలు తెచ్చింది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

మా అత్తగారు లేచి నిలబడ్డారు. నేను ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగాను. ఆగలేదు. "దేవుడి దగ్గర దాపరికమెందుకయ్యగారూ? అది నా పాత మొక్కు, అది కూడా ఇందులోనే చెల్లు. కొత్త మొక్కు మా కోడలు పిల్లది. జామకాయలు తిని బిడ్డకి మూడ్రోజులు దొడ్డికి రాలా. పెరట్లో మోకాళ్ళ మీద పడి మొక్కుకుంది. తెల్లారేసరికి ఎంచక్కా అయ్యింది. అందుకే ఇయ్యి."

ఇశ్రాయేలు గారు ముందు వరసలోంచి వెనక్కి తిరిగారు. "వదినా, పోయినసారి కట్టుకోవాలని మొక్కారు. ఈసారి కావాలని మొక్కారు. మీ ఇంటోళ్ళు ముందు ఏదో ఒకటి తేల్చుకుని దేవుడికి చెప్పండమ్మా."

గుడి పైకప్పు ఎగిరిపోయేంత నవ్వు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. ఆయన చాలా గంభీరమైన మనిషి. చేతులెత్తి, కళ్ళు మూసుకుని, ఒక్క మాట కూడా వదలకుండా ప్రార్థన చేశారు.

"ఈ చిన్నబిడ్డ మార్గంలోని అడ్డంకిని తొలగించినందుకు నీకు స్తోత్రం. ఈ తల్లి చదువును సరైన దారిలో నడిపించుము."

"ఆమెన్" అంది సంఘమంతా. అందరికంటే గట్టిగా మా ఆయన.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా నేను చేసే ప్రమాణం ఏమిటంటే: ఇకమీదట నా ప్రాణం ఉన్నంతవరకు ఏ పండునూ ఏ పండుతోనూ పోల్చను. ఇంకొకరి మొక్కులో పోషక విలువలు పెంచను. ఒకవేళ నేనే మొక్కుకోవలసి వస్తే, పెరట్లో కాదు, ఊరి బయటికి వెళ్ళి, నోరు తెరవకుండా మొక్కుకుంటాను.

సి విటమిన్ మాత్రం జామలోనే ఎక్కువ. ఇది ప్రమాణానికి ముందే అనుకున్నాను కాబట్టి లెక్కలోకి రాదు.